నాన్న పేరున మండపమా, నేరేడు చెట్టా?

ప్రశ్న: మా నాన్న పోయి ఎనిమిది నెలలైంది. మాది గుంటూరుకు దగ్గర్లోని పల్లెటూరు. నాన్న పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సైకిలు మీద నాలుగు ఊళ్లు తిరిగి ఉత్తరాలు పంచేవారు. దారిలో ఏ చెట్టు పూసిందో, ఏ పిట్ట గూడు కట్టిందో చూసుకుంటూ వచ్చి రాత్రి డైరీలో రాసుకునేవారు. ఆదివారమైతే ఉప్పలపాడు చెరువు దగ్గరికెళ్లి కూర్చునేవారు. అలాంటి డైరీలు 22 ఉన్నాయి, అటక మీద అట్టపెట్టెలో. మొన్న అమ్మ ఒకటి తీసి ఫోన్‌లో చదివి వినిపించింది: ‘కాలువ గట్టు తాటిచెట్టుకు గిజిగాడి గూళ్లు తొమ్మిది. రెండు సగంలో ఆగిపోయినవి. ఆడది ఒప్పుకోలేదు కాబోలు.’

మార్చిలో సంవత్సరీకం. అన్నయ్య పొలంలో పాలరాతి మండపం కట్టించి లోపల నాన్న విగ్రహం పెట్టిస్తానంటున్నాడు. దానికి బోరు పక్కనున్న నేరేడు చెట్టు అడ్డమట, కొట్టేయాలట. మధ్యాహ్నాలు నాన్న నడుం వాల్చింది ఆ చెట్టు కిందే. ఆ రోజు ఊరంతా ఫ్లెక్సీలు కట్టించి 200 మొక్కలు పంచుతాడట. బాబాయేమో పంజరాల్లో పిట్టల్ని కొని వదిలితే నాన్న ఆత్మకు శాంతి అంటున్నారు. అమ్మ రోజూ పొద్దున్నే గోడ మీద కాకికి ముద్ద పెడుతుంది. కాకి ముట్టకపోతే ‘మీ నాన్నకు ఏదో కోరిక మిగిలిపోయింది’ అని ఆ పూట తను తినదు.

ఇవేవీ నాన్నలా అనిపించడం లేదు. అలాగని ఏం చేయాలో నాకూ తెలీదు. కాకి, పిచ్చుక, చిలుక తప్ప నాకు పిట్టల పేర్లే రావు. నాన్న ఫోన్ చేసి ‘అమ్మాయ్, ఇవాళ గూడబాతులు దిగాయి’ అంటే ఊఁ కొడుతూ లాప్‌టాప్‌లో పని చేసుకునేదాన్ని. ఇప్పుడు బాల్కనీ వైపు ఏ పిట్ట కూసినా కిటికీ మూసేస్తున్నాను. ఏం చేస్తే మా నాన్నను సరిగ్గా తలుచుకున్నట్టవుతుంది?

– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా,

మండపం సంగతీ మొక్కల సంగతీ తర్వాత చూద్దాం. ముందు ఆ అట్టపెట్టెను అటక మీద నుంచి దించమని ఇవాళే మీ అమ్మగారికి ఫోన్ చేయండి. నాన్నగారు పోయాక ఒక వర్షాకాలం గడిచింది. పల్లెటూరి ఇంటి అటక మీద కాగితాలకు చెమ్మా, చెదలూ, ఎలుకలూ ఎంత పని చేస్తాయో మీకు తెలియంది కాదు. మీ ఇంట్లో పోతే మళ్లీ రాని వస్తువు ఏదైనా ఉందంటే ఆ 22 డైరీలే.

మీరు రాసిన ఆ నాలుగు ముక్కలే నేను మళ్లీ మళ్లీ చదివాను. గిజిగాళ్లలో గూడు కట్టేది మగ పిట్ట. వరి ఆకులు, తాటాకులు, గడ్డి పరకలు సన్నగా చీల్చి తెచ్చి, ముక్కుతో ముడివేసి అల్లుతుంది. ఒకేసారి పూర్తిచేయదు. పై భాగం అల్లి, గుడ్లు పెట్టే గదికి గోడ లేచేదాకా వచ్చి ఆగుతుంది. అక్కడ వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ ఆడ పిట్టలను పిలుస్తుంది. ఆడది వచ్చి లోపల దూరి, పరకలు లాగి చూసి, సమ్మతమైతే ఉంటుంది. అప్పుడు మగది మిగతా గదీ, కిందికి దిగే గొట్టమూ పూర్తిచేస్తుంది. ఏ ఆడదీ ఒప్పుకోకపోతే ఆ సగం గూడు అలాగే ఎండిపోతుంది. పక్షుల శాస్త్రం చదివినవాళ్లు ఏళ్ల తరబడి గమనించి రాసిన సంగతి ఇది. మీ నాన్నగారు తాటిచెట్టు కింద సైకిలు ఆపి, తలెత్తి చూసి, తనంతట తాను గ్రహించి ఒక్క వాక్యంలో రాసుకున్నారు. దానికి ఎన్ని మధ్యాహ్నాలు ఆగి చూసి ఉంటారో ఆలోచించండి. ఉత్తరాల సంచి ఖాళీ కావాలి, ఎండ నెత్తిన ఉంది, అయినా ఆగారు.

రేపు ఫ్లెక్సీ మీద ‘ప్రకృతి ప్రేమికుడు’ అని వేయిస్తారు. ఆ మాట ఎవరికైనా సరిపోతుంది. మీ నాన్నగారు ప్రేమించింది ఆ కాలువ గట్టును, ఆ తాటిచెట్టును, బోరు పక్క నేరేడును, ఉప్పలపాడు చెరువును. ఊరికే ప్రేమించి వదల్లేదు, తేదీ వేసి రాశారు. అందుకే మీ ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: ఆయన చూసినవి నిలబెట్టండి, ఆయన చూసినట్టు చూసేవాళ్లను ఇంకో ఇద్దరిని తయారుచేయండి. మిగతాదంతా దాని తర్వాతే. మండపం కట్టించి చెట్టు కొట్టేస్తే ఆయనను తలుచుకున్నట్టు కాదు.

‘పోస్ట్‌మ్యాన్ రాసుకున్న డైరీలు ఎవరికి పనికొస్తాయి’ అని ఇంట్లో ఎవరైనా అంటే కలివికోడి కథ చెప్పండి. కడప ప్రాంతపు చిట్టడవుల్లో రాత్రిపూట తిరిగే పిట్ట అది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వచ్చి బొమ్మలు చూపిస్తూ ఊరూరా అడిగారు. చివరికి 1986 జనవరిలో దాన్ని దీపం వెలుగులో పట్టుకొచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ప్రపంచమంతా లేదనుకున్న పిట్ట ఎక్కడ తిరుగుతుందో చదువులేని ఒక మనిషికి తెలుసు. నేల మీద రోజూ నడిచేవాడి చూపుకు అంత విలువ ఉంది. మీ నాన్నగారి చూపు కూడా ఆ కోవలోదే, పైగా ఆయన రాసి పెట్టారు కూడా.

డైరీలతో ఏం చేయాలో చెబుతాను. మొదట ఎండలో పెట్టకుండా గాలి ఆరే చోట రెండు రోజులు ఉంచి, మెత్తటి బట్టతో తుడవండి. ఒక్కో పేజీని పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు. ఫొటోలు మీ దగ్గర ఒకటి, అన్నయ్య దగ్గర ఒకటి ఉండాలి. తర్వాత వారానికి ఒక సాయంత్రం పెట్టుకుని అమ్మగారు ఫోన్‌లో చదువుతుంటే మీరు ఎక్సెల్‌లో ఎక్కించండి: తేదీ, చోటు, పిట్ట లేదా చెట్టు పేరు, నాన్నగారు రాసిన మాట. ఆ మాటను మాత్రం దిద్దకండి. ‘ఒప్పుకోలేదు కాబోలు’ అని ఉంటే అలాగే ఉండనివ్వండి.

ఈ పని డైరీల కోసం ఎంత అవసరమో మీ అమ్మగారి కోసం అంతకన్నా అవసరం. ఇప్పుడు ఆవిడకు నాన్నగారి గురించి మాట్లాడే అవకాశం కాకి దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకడం లేదు. అందరూ పరామర్శకు వచ్చి వెళ్లిపోయారు. మాసికం రోజున తప్ప ఆ పేరు ఇంట్లో వినపడదు. వారం వారం మీరు ఫోన్ చేసి ‘ఏంటమ్మా, ఈ వారం నాన్న ఏం రాశారు?’ అని అడిగితే ఆవిడకు ఎదురుచూసే రోజు ఒకటి ఏర్పడుతుంది. చదువుతూ చదువుతూ డైరీలో లేనివి కూడా చెబుతారు చూడండి.

పిట్టల పేర్లు తెలియవని భయపడకండి. నాన్నగారు ఊరి పేర్లతో రాసి ఉంటారు: పసులపోలిగాడు, తీతువు, కంసాలి పిట్ట, పైడికంటి, ఎర్రకాళ్ల కొంగ. ఒక్కో పేరు పక్కన ఆయన రాసిన రంగు, కూత, చోటు చూస్తే ఏదో తేలిపోతుంది. తీతువు కూస్తే చావు కబురని ఊళ్లో అంటారు కదా, దాని గురించి నాన్నగారు ఏం రాశారో వెతకండి. గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెట్టి, మనిషి దగ్గరకొస్తే వాటిని కాపాడుకోవడానికి గోల చేసే పిట్ట అది. పొలాల్లో తిరిగిన మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. గూడబాతుల గురించీ చూడండి, ఇంగ్లీషులో పెలికన్లు అనేవి అవే. మన దగ్గర వాటిని సైబీరియా పక్షులని బోర్డుల మీద కూడా రాసేస్తుంటారు. కానీ అవి మన దక్షిణాసియా పక్షులే, అంత దూరం నుంచి రావు.

పేర్లు తేలినవాటిని ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించవచ్చు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి పరిశోధన సంస్థ 2002లో మొదలుపెట్టింది దాన్ని. ఇప్పుడు మన దేశంలో పక్షులను చూసేవాళ్లు చాలామంది అందులోనే రాస్తున్నారు. పాత తేదీలతో కూడా చేర్చవచ్చు. చోటు, తేదీ, పిట్ట తెలిస్తే చాలు. ఎన్ని ఉన్నాయో నాన్నగారు రాయనిచోట అంకె బదులు ఎక్స్ అని పెట్టే వీలుంది. స్మార్ట్‌ఫోన్లు రాకముందు తెలుగు పల్లెల్లో ఒక మనిషి ఏటేటా, అదే దారిలో, చూసి రాసిన వివరాలు దొరకడం అరుదు. పక్షులను పరిశోధించేవాళ్లు అవి చూస్తే మీకు దండం పెడతారు.

ఇక అన్నయ్య సంగతి. మీ ఉత్తరంలో ఆయన మీద కోపం కనిపిస్తోంది, నాకు అర్థమైంది. కానీ ఆయన కూడా తండ్రిని పోగొట్టుకున్నవాడే. ఊళ్లో ఉండి, ఆసుపత్రులకు తిప్పి, తలకొరివి పెట్టి, ఇప్పుడు నలుగురిలో ‘ఏం చేశావు’ అన్న మాట పడకూడదని ఆరాటపడుతున్నాడు. ఆ ఆరాటానికి పాలరాయి తప్ప ఇంకో దారి ఎవరూ చూపించలేదు. మీరు బెంగళూరు నుంచి ‘అది వద్దు, ఇది వద్దు’ అంటే ఆయనకు పుండు మీద కారమే. ‘వద్దు’తో మొదలుపెట్టకండి. డైరీల్లో నేరేడు చెట్టు గురించి నాన్నగారు రాసిన పేజీలు వెతికి, ఫొటోలు తీసి ముందు ఆయనకు పంపండి. ఒక రోజు ఆగి ఫోన్ చేయండి. నాన్న చేతిరాత చూశాక గొడ్డలి మాట మళ్లీ ఎత్తడం ఏ కొడుక్కైనా కష్టం.

అప్పటికీ పెద్దరికం గురించి మాట వస్తే సప్త సంతానాల సంగతి గుర్తుచేయండి. చెరువు తవ్వించడం, వనం పెంచడం, గుడి కట్టించడం, అగ్రహారం నిలపడం, నిధి దాచడం, కావ్యం చెప్పించుకోవడం, కొడుకును కనడం. మనిషి పేరు నిలబెట్టే ఏడింటిలో మన పూర్వులు వనాన్నీ చెరువునూ కొడుకుతో సమానంగా లెక్కపెట్టారు. విగ్రహం ఆ లెక్కలోనే లేదు. చట్టం సంగతి కూడా ఉంది: 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. ఇది మాత్రం చివర్లో, అవసరమైతేనే ఎత్తండి. ముందే చట్టం తీస్తే అన్నాచెల్లెళ్ల మాటలు అక్కడితో ఆగిపోతాయి.

మండపం బదులు ఆ నేరేడు చుట్టూ అరుగు కట్టించమనండి. నాన్నగారు పడుకున్న చోటే నలుగురు కూర్చుంటారు. ఒక రాతి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కించుకోవచ్చు. అన్నయ్యకు అదీ కావాలి, ఇవ్వాలి కూడా. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. మేస్త్రీలు మామూలుగా మొదలు చుట్టూ మెడకు బిగించినట్టు సిమెంటు పోసేస్తారు. అలా చేస్తే వేళ్లకు నీరూ గాలీ అందక నాలుగైదేళ్లలో చెట్టు దిగజారిపోతుంది. మొదలు చుట్టూ కనీసం నాలుగడుగుల మట్టి ఖాళీగా వదలాలి. పునాది కోసం లావు వేళ్లు నరకకూడదు. మొదలు పైకంటా మట్టి పోయకూడదు. అరుగుకు సిమెంటు కంటే రాళ్లు పేర్చి కట్టడం మేలు. బోరు పక్కనే కాబట్టి ఒక తొట్టి కూడా కట్టిస్తే గొడ్లు, పిట్టలు, పొలానికొచ్చే కూలీల మేకలు అన్నీ తాగుతాయి. తొట్టి ఒక పక్క వాలుగా, లోతు లేకుండా ఉంటే చిన్న పిట్టలు మునిగిపోకుండా దిగుతాయి.

మొక్కలు పంచడం దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది, అది మార్చి నెల గురించి. తిథి మన చేతిలో లేదు. కానీ మార్చిలో గుంటూరు జిల్లాలో నాటిన మొక్క ఏమవుతుందో రైతు బిడ్డలకు చెప్పాలా? ఇంకో రెండు నెలల్లో రోహిణీ కార్తె. తీసుకెళ్లినవాళ్లు పెరట్లో పెట్టి మర్చిపోతారు, 200 ప్లాస్టిక్ కవర్లు మిగులుతాయి. మార్చిలో నాన్నగారి పేరున చలివేంద్రం పెట్టించండి. బస్టాపు దగ్గర పందిరి, నాలుగు కుండలు, నీళ్లు పోసే మనిషికి జీతం, జూన్ దాకా నడిచేలా. ఎండలో సైకిలు తొక్కి ఊళ్లు తిరిగిన మనిషి పేరున దాహానికి నీళ్లు ఇవ్వడం కంటే తగిన పని నాకు తోచడం లేదు. పందిరి పక్కన పిట్టలకూ కుక్కలకూ రెండు మట్టి తొట్లు. రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు చేరతాయి. ఫ్లెక్సీ డబ్బులు దీనికే సరిపోతాయి.

మొక్కలు జూన్, జూలైలో పెట్టుకోండి. కొననక్కర్లేదు. నాన్నగారి నేరేడు ఎండాకాలం చివర్లో పండ్లు రాలుస్తుంది కదా, ఆ గింజలే తీయండి. నేరేడు గింజ నిల్వ ఉండదు. ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటే మొలవదు. గుజ్జు కడిగేసి వారం పది రోజుల్లోపే కవర్లలో పెట్టాలి. ఒక్కో గింజ నుంచి రెండు మూడు మొలకలు రావడం కూడా నేరేడులో మామూలే, బలమైనది ఉంచి మిగతావి తీసేయాలి. ఏడాది పెంచి, రెండో సంవత్సరీకం తర్వాత వచ్చే వానల్లో, అడిగినవాళ్లకు మాత్రమే ఇవ్వండి. ‘ఇది పోస్ట్‌మ్యాన్ గారి చెట్టు పిల్ల’ అని చెప్పి ఇస్తే తీసుకున్నవాళ్లు నీళ్లు పోస్తారు. 200 అక్కర్లేదు. పది బతికితే చాలు. రెండడుగుల గొయ్యి, చుట్టూ ముళ్లకంప, మొదట్లో ఎండుటాకుల కప్పు, రెండు ఎండాకాలాలు వారానికి రెండు బిందెల నీళ్లు. ఇంతకు మించి శాస్త్రం లేదు, కానీ ఇంత చేసే మనిషి పేరు ముందే ఖాయం చేసుకోవాలి.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్యగారు చేసిందీ ఇదే. 2017లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. జీవితమంతా గింజలు ఏరి, సైకిలు మీద తిరుగుతూ, దారి పక్కన నాటుకుంటూ పోయారు. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న బోర్డు. మీ నాన్నగారూ సైకిలు మనిషే కాబట్టి ఈ పోలిక అన్నయ్యకు నచ్చుతుందనుకుంటాను.

అన్నయ్య ఇంకా డబ్బు పెట్టాలనుకుంటే ఊరి హైస్కూలుకు రెండు బైనాక్యులర్లు కొనిమ్మనండి. 8×42 అని రాసి ఉన్నవి తీసుకోండి, పిట్టలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనిపించినవి రాసి ఈబర్డ్‌లో పంపితే చాలు. సంవత్సరీకానికి ముందే వస్తుంది కాబట్టి మీరూ ఊరెళ్లి, అన్నయ్య పిల్లల్నీ బడి పిల్లల్నీ తీసుకుని ఉప్పలపాడు చెరువు దగ్గర ఆ పదిహేను నిమిషాలు నిలబడండి. ఆ నెలలో అక్కడ తుమ్మ చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఉంటాయి. నాన్నగారు కూర్చునే చోటు ఏదో అమ్మగారికి తెలిసే ఉంటుంది.

బాబాయిగారికి మాత్రం నెమ్మదిగానైనా గట్టిగా చెప్పండి: పిట్టల్ని కొనొద్దు. మనం వదలడానికి కొంటున్నామని తెలిస్తే పట్టేవాడు మరిన్ని పడతాడు. వలలో, బుట్టలో, రవాణాలో చచ్చినవి మనకు కనిపించవు. రెక్కలు కత్తిరించినవి, రోజుల తరబడి తిండిలేనివి వదిలిన చోటే కాకుల పాలవుతాయి. మన అడవి పిట్టలను, చిలుకలతో సహా, పట్టడం, అమ్మడం, కొనడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆయనకు పిట్టల మీద దయ ఉంది, అది మంచి మనసు. ఆ మనసుతో వరి కంకుల కుచ్చులు కట్టించి వరండాలో వేలాడదీయమనండి. సంక్రాంతి నాటికి కొత్త కంకులు దొరుకుతాయి, పిచ్చుకలు వాటంతటవే వస్తాయి. ఆయన చేత్తో కట్టిన కుచ్చు అయితే రోజూ వచ్చి చూసుకుంటారు కూడా.

అమ్మగారి కాకి గురించి చాలాసేపు ఆలోచించాను. ఆ ముద్ద మాన్పించకండి. అది ఆవిడ నాన్నగారితో మాట్లాడుకునే సమయం. కానీ కాకి ముట్టని రోజున ఆవిడ పస్తుండటం మాత్రం ఆగాలి. కాకి రాకపోవడానికి కాకి కారణాలు కాకికి ఉంటాయి: పక్క వీధిలో పెళ్లి విస్తళ్లు పడి ఉండొచ్చు, పిల్లి కనిపించి ఉండొచ్చు, ముద్ద పెట్టాక ఆవిడ అక్కడే నిలబడి చూస్తుంటే జంకి ఉండొచ్చు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, పక్కన చిన్న మూకుడులో నీళ్లతో పెట్టి లోపలికి వచ్చేయమనండి. కాకులు మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకుంటాయని అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి కాకుల మీద పరిశోధించి తేల్చారు. మన ఊరి ఆడవాళ్లకు అది ఎప్పటినుంచో తెలుసు. నాన్నగారికి కోరిక మిగిలిందా అంటే, రోజూ తనకు కావలసింది చూసుకుని, రాసుకుని, పడుకున్న మనిషి ఆయన. ఆయన రాతలోనే ఆ తృప్తి కనిపిస్తుంది. ఆ పేజీలు చదివేటప్పుడు అమ్మగారితో ఈ మాట మీ నోటితో అనండి. నేను చెబితే వినరు, కూతురు చెబితే వింటారు.

ఇక మీరు. ఆయన ఫోన్ చేసినప్పుడు ఊఁ కొట్టానని బాధపడుతున్నారు. అవును, సరిగ్గా వినలేదు. కానీ ఆయన మళ్లీ మళ్లీ మీకే చేశారు. గూడబాతులు దిగిన రోజున ఆయనకు చెప్పాలనిపించింది మీకే. ఊఁ అన్నది కూడా ఆయనకు చాలినట్టుంది, లేకపోతే మరుసటి ఏడు చేసేవారు కాదు. ‘గూడబాతులు దిగాయి’ అన్న మాట మీకు ఇవాళ్టికీ గుర్తుందంటే మీరు విన్నారనే అర్థం.

కిటికీ తెరవండి. ఒక్కసారిగా కాదు, శని ఆదివారాల్లో పొద్దున ఓ పావుగంట. ఏడుపొస్తే రానివ్వండి. పేర్లన్నీ నేర్చుకోవాలని టెన్షన్ పడొద్దు, నాన్నగారి డైరీలో ఎక్కువసార్లు వచ్చిన ఐదు పిట్టలు చాలు. మీ బాల్కనీ దగ్గర ‘టుక్, టుక్, టుక్’ అని సుత్తితో కొడుతున్నట్టు ఆగకుండా వినిపిస్తే అది కంసాలి పిట్ట. ఆకుపచ్చగా, నుదుటి మీద ఎర్రటి బొట్టుతో రావి చెట్టులోనో మర్రిలోనో ఉంటుంది. ఆకుల్లో కలిసిపోతుంది కాబట్టి కనిపించడానికి ఓపిక కావాలి. ఒకరోజు హెబ్బాళ చెరువుకు వెళ్లండి. నాన్నగారు చెప్పిన ఆ గూడబాతులే, అదే జాతి, మీ బెంగళూరులోనూ ఈదుతుంటాయి. అమ్మగారు మీ దగ్గరకొచ్చినప్పుడు మద్దూరు దగ్గర కొక్కరెబెళ్లూరుకు తీసుకెళ్లండి, మండ్య జిల్లా. ఊరి మధ్య చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటిని తమ ఇంటివాటిలా చూసుకుంటారు. చలికాలం చివరి నుంచి ఎండాకాలం దాకా వెళ్తే పిల్లలతో ఉంటాయి. అమ్మగారికి ఆ ఊరు నచ్చుతుంది.

ఒక డైరీ కొనుక్కోండి. 23వది. నాన్నగారిలా రోజూ రాయాలని లేదు, కనిపించిన రోజే రాయండి, తేదీ మాత్రం వేయండి.

డైరీల్లో మీకు ఎంతకీ తేలని పిట్ట పేర్లు ఉంటాయి, ఊరికో పేరు మన దగ్గర. ఆ పేజీల ఫొటోలు మళ్లీ ఉత్తరంలో పెట్టి పంపండి. గుంటూరు, పల్నాడు, బాపట్ల పాఠకుల్లో ఎవరికో ఒకరికి తప్పకుండా తెలిసి ఉంటుంది. ఇక్కడే అడుగుదాం.